సభలో విప్పిన ఎర్ర రజాయి

నేను అసెంబ్లీలోకి ఒక్కసారే పోయాను. ఒక దూది రజాయి వెంట పోయాను. పోయేటప్పుడు ఉన్న చీరల్లో మంచిది కట్టుకుని పోయాను. వచ్చేటప్పుడు రెక్క పట్టుకుని బయటికి తోశారు. ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో మా కూతురి ఇంట్లో ఉంటున్నాను. టీవీలో సభ చూపిస్తే చాలు, "బంద్ చెయ్యమ్మా, అంత లొల్లే" అంటుంది మా కూతురు. చెయ్యనివ్వను. మాట్లాడేవాళ్ళు ఏం మాట్లాడతారో నాకు తెలుసు. వెనక కూర్చుని నవ్వేది ఎవరా అని చూస్తాను.

మేం దూదేకులవాళ్ళం. రెజిమెంటల్ బజార్ వెనక సందులో మావి కొన్ని ఇళ్ళు ఉండేవి. మసీదుకు పోతాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం. ఈ రెండూ ఒక ఇంట్లో ఎట్లా ఉంటాయని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. రజాకార్ల కాలంలో, ఉర్దూ సాఫుగా మాట్లాడలేనివాళ్ళు మీరేం ముసల్మాన్లని ఒకరు మీదికి వచ్చారు. పోలీస్ యాక్షన్ అయ్యాక, మీరు తురకలే కదా అని ఇంకొకరు తలుపు కొట్టారు. మా అత్త ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది.

"మేం దూది ఏకుతం. ఏకించుకునేది ఉంటే చెప్పుండ్రి. లేకుంటే పోండ్రి."

మా సందులో మగవాళ్ళు ఏకేవాళ్ళు, ఆడవాళ్ళం కుట్టేవాళ్ళం. మనిషెత్తు కట్టెకు నరం బిగించి, ఆ విల్లును దూది మీద వేలాడదీసి, నరాన్ని కర్ర గుండుతో కొడితే గడ్డకట్టిన దూది విడిపోయి లేస్తుంది. ఆ మోత పొద్దంతా ఉండేది. మోత ఆగితే పిల్లలు లేచి ఏడ్చేవాళ్ళు.

మా మామ కాలం నుంచి పెద్ద దవాఖాన రజాయిల పని మా సందుదే. వానలు వెనకబట్టగానే దవాఖాన నుంచి పాత రజాయిలు మూటలు కట్టి బండిలో పంపేవాళ్ళు. వాటిని విప్పి, అందులోని దూదినే మళ్ళీ ఏకి, కొంచెం కొత్త దూది కలిపి, ముతక గుడ్డలో కుట్టి చలికాలానికి పంపాలి. పాత దూదే వాడమన్నది సర్కారువాళ్ళే. అంతా కొత్త దూది అయితే ఖర్చని వాళ్ళే ఆ పద్ధతి పెట్టారు. ఈ మాట గుర్తుంచుకోండి. సభలో ఎవరికీ గుర్తులేదు.

ఆ పని ఉన్నన్నాళ్ళూ మా మగవాళ్ళు విల్లు భుజాన వేసుకుని గల్లీల్లో తిరగలేదు. తిరిగే దూదేకులవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. నరాన్ని వేలితో మీటుతూ ఇంటింటి ముందూ నడవాలి. మిద్దె మీద నుంచి ఎవరో "ఓ దూదీ" అంటే తలెత్తాలి. మా మామ పడుచుతనంలో అట్లా తిరిగినవాడే. దవాఖాన పని దొరికాక ఆపేశాడు. ఆయన పోయినా మా అత్తకు ఒకటే పట్టుదల: "నా కొడుకు గల్లీల పొంటి నరం మోగించుకుంట తిరుగుడు నేను సూడ." మా సందులో దవాఖాన పని ఉందంటే మా ఆయన ఇంటి చూరు కింద ఉన్నట్టు. లేదంటే వీధిలో ఉన్నట్టు. మాకు రాజ్యమంటే అంతే.

పోలీస్ యాక్షన్ అయిన కొన్నాళ్ళకు మాకు పని తెచ్చే కంట్రాక్టరు పెండ్లాం పిల్లల్ని తీసుకుని కరాచీ పోయాడు. తర్వాత మిలిటరీ వాళ్ళ రాజ్యం నడిచింది, ఆ తర్వాత ఆఫీసర్ల రాజ్యం. ఆ రెండింట్లోనూ ఎట్లాగో మూటలు వచ్చాయి. మేమే వరసలో నిలబడి ఓట్లేసి మా సర్కారును తెచ్చుకున్నాం. ఆ ఏడే మూటలు రాలేదు. దవాఖానకు వేరే రాష్ట్రం నుంచి మిల్లు కంబళ్ళు దిగాయని తెలిసింది. నిజాం కాలంలో ఉన్న పని మన సర్కారులో పోయిందంటే నన్ను తిట్టేవాళ్ళు ఉన్నారు. తిట్టనీ. జరిగింది అదే.

మా దిక్కు అసెంబ్లీ మెంబరు ఒక వకీలు. సర్కారుకు ఎదురు పార్టీ. ఓట్లప్పుడు మా గడపలో కూర్చుని చాయ్ తాగాడు. గెలిచాక ఆయన గడపలో కూర్చునే వంతు మా ఆయనకు వచ్చింది. బేగంపేట దిక్కు ఇల్లు. పొద్దున్నే పోయి అరుగు మీద కూర్చుంటే ఎండ నెత్తికెక్కాక పిలిచేవాడు. అట్లా ఎన్నోసార్లు తిరిగాక ఒకరోజు మా ఆయన మొహం నిండా వెలుగుతో వచ్చాడు.

"అమ్మా, మన సంగతి సభల అడుగుతడట. మంత్రి నిలవడి జవాబు చెప్పాలెనట. చెప్పకుంటే ఇడిసిపెట్టరట."

"ఎవలు ఇడిసిపెట్టరు?" అంది అత్త.

"సభ."

"సభ అంటె మనిషా?"

"గదంత నాకు తెల్వదు. మిల్లు కంబళ్ళకు ఎంత ఖర్చు పెట్టిన్రు, మనోళ్ళ పని ఎందుకు బంద్ చేసిన్రు అని అడుగుతడు. ఒక రజాయి ఇయ్యమన్నడు. అందరి ముందట విప్పి, గిది కప్పుకుంటె రోగి సస్తడా అని అడుగుతడట. దవాఖానకు ఇచ్చేటి అసొంటిదే ఇయ్యమన్నడు."

మా అత్త కుడుతున్న సూది ఆపింది. "గోనెసంచి లెక్కటిది తీస్కపోయి రాజు కూసున్న తావుల పెడతవారా?"

"రాజు లేడమ్మా గాడ. మనం ఓట్లేసినోళ్ళే కూసుంటరు."

"అయితె ఇంక మంచిది పంపాలె. మనోళ్ళే కద కూసున్నది."

మాలో ఒక పద్ధతి ఉంది. కొత్త గడపకు పోయే మొదటి రజాయిలో పాత దూది పింజ ఒక్కటి ఉండకూడదు. ఇంట్లో ఉన్న గుడ్డల్లో మంచి గుడ్డ, చేతికి వచ్చిన కుట్లలో మంచి కుట్టు అందులో పెట్టాలి. రెండో రజాయి నుంచి బేరం ప్రకారం చేసుకోవచ్చు. మొదటిది మాత్రం మన మొహం. ఆ ఇంటివాళ్ళు మనల్ని అప్పటిదాకా చూడలేదు కనుక ముందు దాన్నే చూస్తారు. మా అత్తకు సభ కూడా ఒక కొత్త గడపే. మా ఆయన "దవాఖానది అడిగిండమ్మా" అని రెండుసార్లు అన్నాడు. ఆమె వినలేదు. నేనూ అడ్డం చెప్పలేదు. ఇన్నేళ్ళు ఆలోచించి కూడా ఆమెది తప్పని అనను.

తన పెట్టె అడుగున, పెండ్లినాటి నుంచి కత్తెర పడని ఎర్ర అట్లాసు గుడ్డ ఒకటి ఉండేది. పట్టుకుంటే వేళ్ళ మీద నుంచి జారిపోయేంత నున్నటి బట్ట. దాన్ని తీసింది. మా ఆయన కొత్త దూది తెచ్చి, ఒకసారి ఏకిందాన్ని మళ్ళీ ఏకాడు. అత్తా కోడళ్ళం ఎదురెదురు కూర్చుని కుట్టాం. అంచు చుట్టూ తీగ, నడుమ పువ్వు. పువ్వు నన్ను ముట్టుకోనివ్వలేదు. "నీ కుట్టు సాలది" అంది. నిజమే, చాలదు. పూర్తయ్యాక సందులో ఆడవాళ్ళంతా వచ్చి చూశారు. "గిది కప్పుకోవాలంటె మల్ల పెండ్లి చేస్కోవాలె పెద్దమ్మా" అని ఒకామె అంటే అత్త నవ్వు ఆపుకుంది.

తెల్లటి దుప్పట్లో మూటకట్టి మా ఆయన తీసుకుపోయి మెంబరు చేతికి ఇచ్చాడు. ఆయన మూటను మోటారులో పడేసుకున్నాడు. మా ఇద్దరికీ సభ చూసే పాసులు ఇప్పించాడు. అత్త రానంది. "నేను పంపేది పంపిన" అంది.

సభ బాగే ఆంలో, ఇప్పుడు పబ్లిక్ గార్డెన్స్ అంటారే, ఆ తోటలో. గుమ్మటాల కింద నడుస్తుంటే చెప్పులు విప్పాలేమో అనుకున్నాను. పైన చూసేవాళ్ళకు వరసగా బెంచీలు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. "మాట్లాడొద్దు, చప్పట్లు కొట్టొద్దు, ముందుకు వంగొద్దు" అని కాపలా ఆమె చెప్పింది. ఊపిరి తీసుకోవచ్చా అని అడగబోయి ఊరుకున్నాను. కింద మెంబర్లు. ఒకాయన చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు. ఒకాయన కళ్ళు మూసుకున్నాడు. మా మెంబరు పక్కన తెల్లటి మూట ఉంది. అది కనబడ్డాక నాకు ధైర్యం వచ్చింది.

మా వంతు వచ్చింది. మా మెంబరు లేచాడు. ఇక మా కష్టమంతా చెబుతాడని నేను కొంగు సర్దుకున్నాను. ఆయన ప్రశ్న నంబరు చెప్పి కూర్చున్నాడు. అంతే. మా సందు మొత్తం ఒక నంబరు అయింది.

మంత్రి లేచి కాగితం చూసి ఉర్దూలో చదివాడు. మాకు బజారు ఉర్దూ వచ్చు, ఆయనది దర్బారు ఉర్దూ. అయినా అర్థమైంది. మొదటి భాగానికి జవాబు: అవును, దవాఖానకు కంబళ్ళు తెప్పించాం. రెండో భాగానికి: స్థానికుల పని పోయిందన్న ప్రశ్నే పుట్టదు. మూడో భాగానికి: ఖర్చు వివరాలు తెప్పిస్తున్నాం.

ప్రశ్నే పుట్టదట! పుట్టనిదానికి మేం ఇంత దూరం నడిచి వచ్చామా?

మా మెంబరు మళ్ళీ లేచాడు. ఈసారి తెలుగులో గట్టిగా అడిగాడు. "ఇక్కడ చేతులు ఖాళీగా ఉంటే బయటి మిల్లుకు డబ్బు పంపడం ఏం నీతి? ఇది ప్రజల సర్కారా, మిల్లుల సర్కారా?" బల్లలు చరిచారు. బాగుందని నేనూ అనుకున్నాను.

మంత్రి తొణకలేదు. ఖర్చు తగ్గించమని ఢిల్లీ నుంచి ఆదేశం ఉందన్నాడు. పైగా ఇక్కడివాళ్ళు రజాయిల్లో పాత దూది పెడతారనీ, దాంతో నల్లులు పడతాయనీ, రోగుల ఆరోగ్యం చూడాల్సిన బాధ్యత సర్కారు మీద ఉందనీ అన్నాడు. పాత దూది! వాళ్ళు బండిలో పంపిన దూది! నేను బెంచీ అంచు పట్టుకున్నాను.

మా మెంబరు ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు మూట అందుకున్నాడు. "మంత్రిగారు అన్నది ఎంత నిజమో సభ తన కళ్ళతో చూడాలి. దవాఖానకు మా పేదవాళ్ళు చేసిచ్చే రజాయి ఇది" అని దుప్పటి లాగి, రెండు చేతులా ఎత్తి విప్పాడు.

ఎర్ర అట్లాసు జారి ఆయన కాళ్ళ దాకా పడింది. పైకప్పు కిటికీల వెలుగులో తీగ మెరిసింది. పువ్వు మెరిసింది.

మంత్రి తాపీగా అన్నాడు: "హుజూర్, దీన్ని కప్పితే ఏ రోగీ ఇంటికి పోనంటాడు. రేపు దుల్హన్‌ను కూడా సర్కారే ఇప్పించాలని మెంబరు సాబ్ ఇంకో ప్రశ్న వేస్తారు."

సభ పడీ పడీ నవ్వింది. మంత్రి వైపువాళ్ళు నవ్వారు. మా మెంబరు పార్టీవాళ్ళు కూడా రుమాళ్ళు అడ్డం పెట్టుకుని నవ్వారు. చెవిలో పుల్ల ఆయన పుల్ల కింద పడేసుకున్నాడు. నిద్రపోయే ఆయన లేచి ఏమైందని పక్కవాణ్ణి అడిగి, విని, తన వంతు నవ్వాడు. పై కుర్చీలో ఉన్న సభాపతి కూడా నవ్వి, తర్వాతి ప్రశ్న అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "పాత దూది మీరు పంపిందే! మీరే కలపమన్నరు!" అని అరిచాను. సగం మాటకే కాపలా ఆమె నా నోటి మీద చెయ్యి పెట్టింది. రెక్క పట్టి మెట్ల దాకా ఈడ్చింది. కింద ఎవరూ తల కూడా ఎత్తలేదు.

చాలా ఏళ్ళకు, పిల్లలు పెద్దయ్యాక, మా బస్తీలో ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట చదువు చెబితే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఒకసారి కూతురిని వెంటబెట్టుకుని లైబ్రరీకి పోయి ఆ రోజు సభలో జరిగింది అచ్చేసిన పుస్తకం తీయించాను. అప్పట్లో ఎవరు ఏ భాషలో మాట్లాడితే ఆ లిపిలోనే వేసేవారు. మా మెంబరు అడిగింది తెలుగులో ఉంది. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాను. మంత్రి జవాబు ఉర్దూ లిపిలో ఉంది. నాకు రాదు. నా కేక ఏ భాషలోనూ లేదు.

ఆ రోజు బయట తోటలో మా ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన మొహంలో రక్తం లేదు. కొంతసేపటికి మెంబరు దిగివచ్చాడు. వచ్చీరాగానే మొదలుపెట్టాడు.

"ఏం భాయ్, నేను నిన్నేం అడిగిన? దవాఖాన రజాయి తెమ్మన్ననా, పెండ్లి రజాయి తెమ్మన్ననా? ఇజ్జత్ తీసినవ్ గదా! రేపు అఖ్బార్ల నా బొమ్మ ఏస్తరు!"

మా ఆయన చేతులు కట్టుకుని నేల చూశాడు. నేను చూడలేదు.

"సాబ్, మూట మీ చేతికి వచ్చి ఎన్ని రోజులాయె? ఒక్కసారి విప్పి చూస్తె ఏం పోయింది?"

"ఆడోళ్ళు నడుమల మాట్లాడకుండ్రి."

"ఆడోళ్ళ ఓటు ఏయించుకున్నవ్ గదా, గప్పుడు మాట్లాడొచ్చునా?"

మా ఆయన నా చెయ్యి గిల్లాడు. మెంబరు గొంతు తగ్గించాడు. "నాకు తక్లీఫ్ కాలేదా చెప్పు? వచ్చే బైఠక్‌ల మల్ల అడుగుత. గప్పటిదాంక సబర్ పట్టుండ్రి."

"రజాయి ఇయ్యుండ్రి, పోతం."

"సభల చూపించింది గట్ల ఎమ్మటే ఇయ్యరు. పద్ధతి ఉంటది. నేనే పంపిస్త."

ఇంటికి పోయి ఏం చెప్పాలో తెలియక మా ఆయన, అత్త అడగక ముందే, "అడిగిండమ్మా, జవాబు చెప్పిన్రు" అన్నాడు. అత్త అతని మొహం చూసి ఇంకేం అడగలేదు. కానీ మర్నాటికి బజారంతా తెలిసింది. చాయ్ కొట్టు దగ్గర ఎవరో అఖ్బారు గట్టిగా చదివి వినిపించారు. నాలుగు రోజులు మా సందుకు దుల్హన్ గల్లీ, పెండ్లికూతురి గల్లీ అని పేరు పెట్టారు. మమ్మల్ని పలకరించనివాళ్ళు కూడా వచ్చి "రజాయి ఉన్నదా, దుల్హన్ సుత ఇస్తరా?" అని అడిగి పోయారు. మా ఆయన ఒకడి గల్లా పట్టుకున్నాడు.

వచ్చే బైఠక్, అంటే సభ మళ్ళీ కూర్చునే కాలం, వచ్చింది, పోయింది. మా మెంబరు రోడ్ల మీద అడిగాడట, నీళ్ళ మీద అడిగాడట, రజాయిల మాట ఎత్తలేదు. మిల్లుకే మళ్ళీ ఆర్డరు ఇచ్చారని దవాఖానలో పనిచేసే ఆయా చెప్పింది. సందులో ఒక్కొక్కరే విల్లు భుజాన వేసుకుని వీధుల్లోకి పోసాగారు. మా అత్త మాత్రం కొడుకును కదలనివ్వలేదు. "రజాయి ఇంక రాలె. వస్తె దాని ఎంబడి ఏదన్న కబురు వస్తది" అనేది. సభలో ఉన్న రజాయిని ఎవరో ఒకరు చూస్తారనీ, చూసినవాడు ఊరుకోలేడనీ ఆమె నమ్మకం. ఇంట్లో పొయ్యి రాజేయడానికి ఏమీ లేకపోయినా ఆ నమ్మకం ఆరలేదు. నాకు ఆ నమ్మకం మీదే కోపం వచ్చింది.

చలి ముదిరాక ఒక పొద్దున నేనే బేగంపేట నడిచాను. మెంబరు ఇంటి పిట్టగోడ మీద దూరం నుంచే ఎర్రగా కనబడింది. ఎండకు ఆరేసి ఉంది. తీగ వైపు కిందికి వేలాడుతోంది. ఏ పద్ధతి ఆపిందో, ఏ సభ పట్టి ఉంచిందో కళ్ళారా చూశాను.

మెట్లెక్కి పిట్టగోడ మీద నుంచి లాగాను. మెంబరు భార్య పరుగెత్తుకొచ్చింది. "ఏయ్, ఎవరు నువ్వు? ఏం చేస్తున్నవ్?"

"దీన్ని కుట్టినదాన్ని."

ఆమె మొహం మారింది. మంచిగానే మాట్లాడింది. "నువ్వేనా? అయ్యో, మీ మెంబరు సాబ్‌కు ఎవరో ఇనాం ఇచ్చిన్రనుకున్న. ఎంత వెచ్చగ ఉన్నదమ్మా! ఇసొంటిదే మా ఆడబిడ్డకు ఇంకోటి చేసిస్తరా?"

ఆ సభ నుంచి మాకు వచ్చిన ఆర్డరు అదొక్కటే. నేను రజాయిని మడత పెడుతున్నాను. లోపలి నుంచి మెంబరు వచ్చాడు. నన్ను చూసి భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"నేనే పంపుదామనుకుంటున్న. తీస్కపో, తీస్కపో. ఎండకాలం బైఠక్‌ల మీ సంగతి తప్పకుండ అడుగుత."

"అడగకు సాబ్," అన్నాను. "నువ్వడిగితె మా విల్లు సుత పోతది."

నెత్తిన పెట్టుకుని రెజిమెంటల్ బజార్ నడుమ నుంచే నడిచాను. నవ్వేవాళ్ళు నవ్వారు.

అత్త గడపలో కూర్చుని ఉంది. రజాయి ఒళ్ళో పెట్టాను. ఆమె విప్పి ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా వేలితో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తలనూనె వాసన నాకే వస్తోంది, ఆమెకు రాకుండా ఉండదు.

"ఎవలింట్ల ఉండె?"

"మెంబరింట్ల. కప్పుకున్నరు."

"కబురేమన్న?"

"లేదు. పని మిల్లుకే ఇచ్చిన్రు. ఇగ రాదు."

ఆమె వేలు నడుమ పువ్వు మీదికి పోయింది. తర్వాత అడిగింది. "సభల ఇది విప్పినప్పుడు నువ్వు సూస్తున్నవ్ గద. కుట్టు సూసిన్రా ఎవలన్న?"

"నవ్విన్రు అత్తమ్మా."

"నవ్విన్రని బజారంత చెప్పిన్రు. అది కాదు. కుట్టు సూసిన్రా?"

"లేదు."

తల ఊపింది. కత్తెర తెమ్మంది. పువ్వు దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క కుట్టే తెంపింది. నేను తెంపబోతే మళ్ళీ అదే మాట, "నీ చెయ్యి సాలది" అంది. గుడ్డ ఒక పక్కన మడిచి పెట్టింది. లోపలి దూదిని కొడుకు ముందు కుప్ప పోసి, "ఏకు" అంది.

మా ఆయన ఆ మధ్యాహ్నమంతా ఏకాడు. చాలా కాలానికి మా సందులో ఆ మోత వినబడింది. మర్నాడు పొద్దున ఆ దూదిని అమ్ముకోవడానికి మూటకట్టి, విల్లు భుజాన వేసుకున్నాడు. అత్త వద్దనలేదు. గడప దాటేటప్పుడు కొడుకు ఆమె వైపు చూశాడు. ఆమె గోడ వైపు తిరిగి సూదిలో దారం ఎక్కిస్తోంది. సందు మలుపు దాకా ఆయన నరం మీటలేదు. మలుపు తిరిగి మాకు కనబడకుండా పోయాక మీటాడు.

అత్త చేతిలో సూది ఆగింది. లేచి పోయి తలుపు వేసి వచ్చి కూర్చుంది.